"వాజ్ ఫాలింగ్" అంటే పడ్డారనా, పడుతున్నారనా?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తరువాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేశాను. పోయిన నెల నా రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయన మంచం మీది నుంచి పడిపోయారు. నేను అప్పుడు పక్క గదిలో ఉన్నాను. దబ్బున శబ్దం వినిపించి పరుగెత్తాను. వెళ్ళేసరికి ఆయన నేల మీద ఉన్నారు. ఆ రాత్రి నోట్స్‌లో నేను రాసిన ఐదు వాక్యాలివి: "ద పేషెంట్ వాజ్ ఫాలింగ్ ఫ్రమ్ ద బెడ్ ఎట్ టూ ఫార్టీ." "ఐ వాజ్ కాలింగ్ ద డాక్టర్ త్రీ టైమ్స్." "వెన్ ద డాక్టర్ కేమ్, ద పేషెంట్ వాజ్ బ్రీదింగ్ ఫాస్ట్." "హీ వాజ్ నాట్ నోయింగ్ హిజ్ నేమ్." "బిఫోర్ అడ్మిషన్ హీ వాజ్ స్మోకింగ్ టెన్ బీడీస్ ఎ డే."

మా నర్సింగ్ సూపరింటెండెంట్ ఆ పేజీని జిరాక్స్ తీయించి, ఐదింటినీ ఎర్ర సిరాతో సింపుల్ పాస్ట్‌లోకి మార్చారు: ఫెల్, కాల్డ్, బ్రీద్డ్, డిడ్ నాట్ నో, స్మోక్డ్. వాజ్, ఇంగ్ తప్ప నాకు వేరే ఇంగ్లిష్ రాదని అందరి ముందూ అన్నారు. ఆవిడ దిద్దినవన్నీ సరైనవేనా? ఎక్కువసేపు జరిగితే పాస్ట్ కంటిన్యుయస్, తొందరగా అయిపోతే సింపుల్ పాస్ట్ అని బడిలో నేర్చుకున్నాను. ఆ లెక్కతో చూసినా నాకు తేలడం లేదు. విదేశాల్లో పనిచేయాలనుకునే వైద్య సిబ్బంది రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ రాయాలని ఉంది. ఇంకొక మాట: ఆవిడ దిద్దినదానిలో తప్పుంటే ఆవిడకు చెప్పవచ్చా? ఆవిడకు తెలుగు రాదు, ఇంగ్లిష్‌లోనే చెప్పాలి.

సమాధానం:

అమ్మా, మీ ఐదు వాక్యాల సంగతి ముందే చెప్పేస్తాను. నాలుగింటిని మార్చడం సబబే. మూడోది మాత్రం మీరు రాసినట్టే ఉండాలి. దాన్ని దిద్దడం పొరపాటు. ఇక మొదటి వాక్యంలో మీరు రాసిందీ కుదరలేదు, ఆవిడ దిద్దిందీ కుదరలేదు. ఆ ఒక్క వాక్యం అర్థమైతే మిగిలినవాటికి సగం దారి పడుతుంది. అందుకని దానితోనే మొదలుపెడతాను.

"వాజ్ ఫాలింగ్" అని చదివిన మనిషికి కనిపించే దృశ్యం ఇది: పెద్దాయన మంచం అంచు దాటి ఒరిగిపోయారు, ఇంకా నేలను తాకలేదు. ఆ క్షణంలో మీరు అక్కడ నిలబడి చూస్తున్నారు. తరువాత ఏమైందో వాక్యం చెప్పదు. మీరు పట్టుకుని ఉండవచ్చు, మంచం కమ్మీ ఆపి ఉండవచ్చు. తెలుగులో కూడా ఎవరైనా "ఆయన పడిపోతున్నారు" అని ఆపేస్తే "అయ్యో, తరువాత?" అని అడుగుతాం కదా, అంతే. పైగా 2 గంటల 40 నిమిషాలకు అని సమయం కూడా వేశారు. ఆ సమయానికి మీరు గదిలోనే ఉన్నారనీ, పడుతున్న మనిషిని చూశారనీ ఆ వాక్యం సాక్ష్యం చెబుతోంది. ఆ కాగితం రేపు బంధువుల చేతికి వెళ్ళినా, కోర్టుకు వెళ్ళినా ఆ రెండు మాటలకు మీరే జవాబు చెప్పుకోవాలి. మీ సూపరింటెండెంట్ కోపం వెనుక ఈ భయం ఉండి ఉంటుంది. అందరి ముందూ ఆ మాట అనడం మాత్రం నాకు నచ్చలేదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి రాత్రి రెండున్నరకు ఇంగ్లిష్‌లో నోట్స్ రాస్తున్న అమ్మాయికి దక్కవలసిన మాట అది కాదు.

ఆవిడ పెట్టిన "ఫెల్"కు వ్యాకరణంలో లోటు లేదు. పడ్డారు, అయిపోయింది. కానీ మీరు చూడలేదు. ఆయన నిద్రలో దొర్లి పడ్డారా, లేచి నిలబడబోయి తడబడ్డారా, కళ్ళు తిరిగి కూలబడ్డారా అన్నది మీకు తెలియదు. కంటితో చూసినదీ చెవితో విన్నదీ రాయాలి, ఊహించినది రాయకూడదు అని మీ నర్సింగ్ చదువులోనే నేర్పి ఉంటారు. ఆ ప్రకారం వాక్యాలు ఇలా ఉండాలి: "ఎట్ టూ ఫార్టీ ఐ హర్డ్ ఎ లౌడ్ సౌండ్. ఐ వెంట్ టు ద రూమ్. ద పేషెంట్ వాజ్ లయింగ్ ఆన్ ద ఫ్లోర్." శబ్దం విన్నాను, అయిపోయింది. వెళ్ళాను, అయిపోయింది. ఆయన మాత్రం నేను అడుగుపెట్టేసరికే నేల మీద ఉన్నారు, నేను చూస్తున్నప్పుడూ ఉన్నారు. విన్నదానికీ వెళ్ళినదానికీ సింపుల్ పాస్ట్, ఉన్నదానికి పాస్ట్ కంటిన్యుయస్. ఆ రాత్రి నోట్స్‌లో "వాజ్ ఇంగ్" పెట్టవలసిన చోట్లలో ఇదొకటి.

ఇప్పుడు మీరు బడిలో నేర్చుకున్న సూత్రం గురించి. దాన్ని ఈ రోజుతో వదిలేయండి. ఎంతసేపు జరిగింది అన్నదానికీ ఈ ఎంపికకూ సంబంధం లేదు. 1930లో గాంధీజీ సబర్మతి నుంచి దండి దాకా 24 రోజులు నడిచారు; ఇంగ్లిష్‌లో అది "వాక్డ్". మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 నుంచి 1948 దాకా 37 ఏళ్ళు హైదరాబాద్‌ను పాలించారు. అది కూడా "రూల్డ్". 37 ఏళ్ళ కంటే పొడవైన పని ఏముంటుంది? అదే పాలనను "వాజ్ రూలింగ్" అని చెప్పవలసిన సందర్భమూ ఉంది. గాంధీజీ దండికి నడిచినప్పుడు హైదరాబాద్‌ను ఎవరు పాలిస్తున్నారు అని అడిగితే "ఉస్మాన్ అలీ ఖాన్ వాజ్ రూలింగ్ హైదరాబాద్" అంటాం. ఏళ్ళు మారలేదు, మనిషి మారలేదు. చెప్పేవాడు నిలబడ్డ చోటు మారింది. మొదటి దానిలో ఆ పాలనకు బయట, అది ముగిసిన తరువాత నిలబడి, మొదలూ తుదీ కలిపి మొత్తంగా చూస్తున్నాడు. రెండో దానిలో 1930 అనే గడపలో నిలబడి చూస్తున్నాడు. ఆ పాలన అతనికి ముందూ ఉంది, వెనుకా ఉంది. అటువైపు, ఒక్క క్షణం పట్టే తుమ్ము కూడా ఫొటో తీసిన ఆ గడియలో "వాజ్ స్నీజింగ్" అవుతుంది.

కాబట్టి రాసే ముందు గడియారం చూడకండి. "ఈ పని చెబుతున్నప్పుడు నేను దాని లోపల ఉన్నానా, బయట ఉన్నానా?" అని అడగండి.

ఇది మీకు కొత్త విద్య అనుకోకండి. మీ తెలుగులో ఈ తేడా పుట్టుకతోనే ఉంది. "అన్నం తిని వచ్చాడు", "అన్నం తింటూ వచ్చాడు" అన్న రెండు మాటలను ఐదేళ్ళ పిల్లవాడు కూడా కలిపేయడు. తిని అంటే తినడం ముగిసింది, చేయి కడుక్కున్నాడు. తింటూ అంటే వచ్చేటప్పుడు కూడా చేతిలో ముద్ద ఉంది. మన వ్యాకరణంలో మొదటిదాన్ని క్త్వార్థకం అనీ, రెండోదాన్ని శత్రర్థకం అనీ అంటారు. పేర్లు గుర్తులేకపోయినా నష్టం లేదు. చేసి, చూసి, చెప్పి, పెట్టి అని మీ నోట వచ్చినదల్లా ఇంగ్లిష్‌లో సింపుల్ పాస్ట్. చేస్తూ, చూస్తూ, చెబుతూ, చేస్తుండగా అని వచ్చినదల్లా ఇంగ్. "బీపీ చూసి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకు ఫోను చేశాను" అన్నప్పుడు మూడు పనులూ ఒకదాని వెంట ఒకటి ముగిశాయి: చెక్డ్, గేవ్, కాల్డ్. "బీపీ చూస్తుండగా ఆయనకు వాంతి అయింది" అన్నప్పుడు బీపీ చూడడం మధ్యలో ఉంది, వాంతి వచ్చి దాని మీద పడింది: "వైల్ ఐ వాజ్ చెకింగ్ హిజ్ బీపీ, హీ వామిటెడ్."

మరి ఇంత స్పష్టంగా ఉంటే ఎక్కడ తప్పుతున్నాం? వాక్యం చివరి క్రియ దగ్గర. "ఉన్నాను" అన్న మాటను చూడండి. "ఇప్పుడు ఇంట్లో ఉన్నాను" అంటాం, "నిన్న ఇంట్లో ఉన్నాను" అనీ అంటాం. అదే మాట వర్తమానానికీ సరిపోతుంది, భూతానికీ సరిపోతుంది. దాని మీద కట్టిన "తింటున్నాను" కూడా అంతే: "ఇప్పుడు తింటున్నాను", "నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు తింటున్నాను". పాత గ్రాంథికంలో "తినుచున్నాను" వేరు, "తినుచుంటిని" వేరు. "వచ్చుచుండెను" అని చదివితే అది గతమని వెంటనే తెలిసేది. ఇప్పటి రాతలో ఆ రూపాలు దాదాపు పోయాయి. సమయాన్ని నిన్న, అప్పుడు, వచ్చేసరికి వంటి మాటలకు అప్పగించేశాం. అందువల్ల మన పిల్లలు మొదట్లో "వెన్ యూ కేమ్, ఐ యామ్ ఈటింగ్" అంటారు. మాస్టారు "యామ్" కొట్టి "వాజ్" పెడతారు. అప్పటినుంచి గతం అనగానే "వాజ్" తగిలించడం అలవాటైపోతుంది. దిద్దుబాటే తప్పుకు విత్తనం అయింది.

ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పైకి ఒప్పుకోరు. ఇంగ్ రూపానికి జ్ఞాపకశక్తి అక్కర్లేదు. ఫాల్‌కు ఫెల్, ఫీల్‌కు ఫెల్ట్, ఫైండ్‌కు ఫౌండ్ అని గుర్తుపెట్టుకోవాలి; "ఫాలింగ్, ఫీలింగ్, ఫైండింగ్" అయితే కళ్ళు మూసుకుని రాయవచ్చు. అర్ధరాత్రి, అలసటలో, ఏది గుర్తురాకపోతే ఆ దారిలోకి చేయి దానంతట అదే వెళుతుంది. మీ విషయంలోనూ ఇదే జరుగుతూ ఉండవచ్చు. దీనికి మందు చిన్నదే. మీ డ్యూటీలో రోజూ వాడే, గతంలో ఇలా రూపం మారిపోయే (ఇర్రెగ్యులర్) క్రియలు ముప్ఫై నలభైకి మించవు: గేవ్, టుక్, సా, హర్డ్, ఫౌండ్, టోల్డ్, కేమ్, వెంట్, ఫెల్, ఫెల్ట్, బ్లెడ్, బ్రోక్, స్లెప్ట్, వోక్, ఏట్, డ్రాంక్, బిగాన్, లెఫ్ట్. ఒక చిన్న కాగితం మీద రాసి యూనిఫాం జేబులో పెట్టుకోండి.

మీ రెండో వాక్యానికి వద్దాం. "మూడుసార్లు ఫోను చేస్తున్నాను" అని మీరు తెలుగులో అనరు. "మూడుసార్లు చేశాను" అంటారు, లేదా "చేస్తూనే ఉన్నాను" అంటారు. లెక్క పెట్టారంటే ప్రతి ఒక్కటీ ముగిసిందని అర్థం, ముగియనిదాన్ని లెక్కించలేం. అందుకే మూడుసార్లు, రెండు గ్లాసులు, 500 మిల్లీలీటర్లు అని మొత్తం తేలినప్పుడు సింపుల్ పాస్ట్: "ఐ కాల్డ్ ద డాక్టర్ త్రీ టైమ్స్." ఇక్కడ సూపరింటెండెంట్ గారిదే సరైనది. నోట్స్ కాబట్టి మూడు ఫోన్ల సమయాలు కూడా వేసి ఉంటే ఇంకా బాగుండేది.

నాలుగోది, "వాజ్ నాట్ నోయింగ్". ఇది ఎలా పుట్టిందో నాకు తెలుసు. "ఆయనకు తన పేరు కూడా తెలియడం లేదు" అని మీ మనసులో ఉంది. తెలియడం లేదు, అర్థం కావడం లేదు, కనిపిస్తోంది, వినిపిస్తోంది, అనిపిస్తోంది అని మనం ఈ మాటలన్నిటినీ జరుగుతున్న పనుల్లా చెబుతాం. ఇంగ్లిష్‌లో తెలియడం, అర్థం కావడం, నమ్మడం, ఇష్టపడడం, కావలసి రావడం అన్నవి పనులు కావు, స్థితులు. వాటికి మొదలూ మధ్యా చివరా ఉండవు. ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. మధ్యలో నిలబడడానికి చోటే లేనప్పుడు ఇంగ్ ఎక్కడ పెడతాం? కాబట్టి "డిడ్ నాట్ నో". అలాగే "హీ వాజ్ హావింగ్ టూ సన్స్" అని ఎప్పుడూ రాయవద్దు, "హీ హాడ్ టూ సన్స్". అయితే నొప్పి విషయంలో "వాజ్ హావింగ్ చెస్ట్ పెయిన్" అని ఇంగ్లిష్ వైద్యులూ అంటారు, ఎందుకంటే అక్కడ "హావ్" అంటే కలిగి ఉండడం కాదు, అనుభవించడం. "ఫెల్ట్ డిజీ", "వాజ్ ఫీలింగ్ డిజీ" రెండూ చెల్లుతాయి. ఆ సందుల్లో ఎక్కువ బెంగ పెట్టుకోకండి.

ఐదో వాక్యం బీడీలది. తెలుగులో అది "తాగేవారు", "తాగుతున్నారు" కాదు. మనకు అలవాటు చెప్పడానికి విడిగా ఒక అందమైన రూపం ఉంది: వచ్చేవాడు, పాడేది, తాగేవారు, ఉండేవాళ్ళం. ఇంగ్లిష్‌లో దీనికి సింపుల్ పాస్ట్ చాలు, లేదా "యూజ్డ్ టు" తగిలించవచ్చు. చాలామంది ఈ "ఏవాడు"ను "వాజ్ ఇంగ్"లోకి తోస్తారు: "ఇన్ మై చైల్డ్‌హుడ్ వీ వర్ స్టేయింగ్ ఇన్ ఖమ్మం". చిన్నతనమంతా ఉంటే అది "లివ్డ్". కొడుకు ఇంటికి నాలుగు రోజులు వెళ్ళినప్పుడు నొప్పి మొదలైతే "హీ వాజ్ స్టేయింగ్ విత్ హిజ్ సన్ వెన్ ద పెయిన్ స్టార్టెడ్". ఆ ఉండడం తాత్కాలికం, నొప్పి దాని మధ్యలో వచ్చింది. మీరు రాసిన "వాజ్ స్మోకింగ్ టెన్ బీడీస్ ఎ డే" పూర్తిగా తప్పని అనను. ఆసుపత్రిలో చేరే నాటి పరిస్థితిగా, ఆ కొద్ది కాలపు సంగతిగా చెబితే అది చెల్లుతుంది. కానీ ఏళ్ళ తరబడి ఉన్న అలవాటును రాస్తున్నారు కనుక "స్మోక్డ్" మేలు.

ఇప్పుడు మూడోది, మీ పక్షాన నిలబడవలసిన వాక్యం. "వెన్ ద డాక్టర్ కేమ్, ద పేషెంట్ వాజ్ బ్రీదింగ్ ఫాస్ట్." డాక్టరు వచ్చేసరికి రోగి వేగంగా ఊపిరి తీస్తున్నారు. అంతకుముందు నుంచే తీస్తున్నారు, డాక్టరు ఆ మధ్యలోకి వచ్చారు. దీన్ని "బ్రీద్డ్ ఫాస్ట్" చేస్తే డాక్టరు వచ్చాకే వేగంగా ఊపిరి తీయడం మొదలైనట్టు ధ్వనిస్తుంది. ఒక రోగి ఎప్పటినుంచి ఆయాసపడుతున్నారన్నది వైద్యంలో చిన్న సంగతి కాదు. "వెన్" తరువాతి రెండు వాక్యాల మధ్య ఉన్న ఈ మెలిక మీ ఉద్యోగానికి ప్రాణం కాబట్టి ఇంకొంచెం నిలబడదాం. "వెన్ ద డాక్టర్ కేమ్, ఐ గేవ్ ద ఇంజెక్షన్" అంటే డాక్టరు వచ్చాక ఇచ్చాను, అంటే బహుశా ఆయన చెబితే ఇచ్చాను. "వెన్ ద డాక్టర్ కేమ్, ఐ వాజ్ గివింగ్ ద ఇంజెక్షన్" అంటే ఆయన వచ్చేసరికే సూది మీ చేతిలో ఉంది. ఎవరు చెబితే మొదలుపెట్టారు అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. తెలుగులో ఈ తేడాను "వచ్చాక ఇచ్చాను", "వచ్చేసరికి ఇస్తున్నాను" అని మనం ఏ తడబాటూ లేకుండా చెబుతాం. "ఆక" వినిపిస్తే సింపుల్ పాస్ట్, "ఏసరికి ... తున్నాను" వినిపిస్తే "వాజ్ ఇంగ్".

ఇంకొక జంట: "హీ వాక్డ్ టు ద బాత్‌రూమ్", "హీ వాజ్ వాకింగ్ టు ద బాత్‌రూమ్". మొదటి దానిలో ఆయన చేరారు. రెండో దానిలో చేరారో లేదో తెలియదు. దారిలో పడిపోయి ఉండవచ్చు. ఊరికే "వాజ్ వాకింగ్" అంటే మాత్రం నడిచారనే అర్థం, ఎందుకంటే ఉత్త నడకకు చేరవలసిన గట్టు లేదు. జెనో వెండ్లర్ అనే తత్వవేత్త 1957లో క్రియలను స్థితులు, సాగే పనులు, ఒక గట్టు చేరే పనులు, క్షణంలో జరిగిపోయేవి అని నాలుగు రకాలుగా విడదీశారు. భాషాశాస్త్రంలో ఇప్పటికీ ఆ విభజన వాడుకలో ఉంది. మీకు దానిలో పనికివచ్చేది చివరి రకం. పడడం, చేరడం, చనిపోవడం క్షణపు పనులు. వాటికి ఇంగ్ తగిలిస్తే "ఇంకా జరగలేదు, జరగబోతోంది" అనే అర్థం వస్తుంది. "ద పేషెంట్ వాజ్ డయింగ్" అని రాస్తే ఆ సమయానికి ఆయన ప్రాణాలతో ఉన్నారు. దగ్గు, తలుపు తట్టడం, కన్ను ఆర్పడం వంటి వాటికి ఇంగ్ తగిలిస్తే మళ్ళీ మళ్ళీ జరిగిందని అర్థం. "హీ కాఫ్డ్" ఒక దగ్గు కావచ్చు, "హీ వాజ్ కాఫింగ్" అంటే దగ్గుతూనే ఉన్నారు.

"చేసి అంటే సింపుల్ పాస్ట్" అని పైన చెప్పాను. ఆ సూత్రం ఒక చోట తిరగబడుతుంది, అది చెప్పకుండా వదిలితే మిమ్మల్ని మోసం చేసినట్టే. కూర్చుని ఉన్నారు, నిలబడి ఉన్నారు, పడుకుని ఉన్నారు, మాస్కు పెట్టుకుని ఉన్నారు, కమ్మీ పట్టుకుని ఉన్నారు. ఇక్కడ మనం చూసేది ముగిసిన పని: కూర్చోవడం అయిపోయింది, ఇప్పుడు ఆ భంగిమలో ఉన్నారు. ఇంగ్లిష్ వీటిని సాగుతున్న పనులుగానే చూస్తుంది: వాజ్ సిట్టింగ్, వాజ్ స్టాండింగ్, వాజ్ లయింగ్, వాజ్ వేరింగ్ ఎ మాస్క్, వాజ్ హోల్డింగ్ ద రెయిల్. మనం "మాస్కు పెట్టుకుంటూ ఉన్నారు" అంటే చేతులతో తాళ్ళు తగిలించుకుంటున్న దృశ్యం. ఇంగ్లిష్‌లో దానికి "వేరింగ్" పనికిరాదు, "పుట్టింగ్ ఆన్" అనాలి. కాబట్టి "ఇ" తరువాత "ఉన్నారు" వచ్చి, అది శరీరం ఉన్న తీరునో, ఒంటి మీద ఉన్నదాన్నో చెబుతుంటే, భయపడకుండా "వాజ్ ఇంగ్" రాయండి.

ఎర్ర సిరా చూసిన బెదురులో "వాజ్" కనిపించిన ప్రతిచోటా కొట్టేయడం మొదలుపెట్టవద్దు. "హీ వాజ్ అడ్మిటెడ్", "ద ఇంజెక్షన్ వాజ్ గివెన్" అన్నవి కంటిన్యుయస్ కావు, ఫలానావారు చేశారని చెప్పకుండా చేయబడింది అని చెప్పే రూపాలు. "ద ఇంజెక్షన్ వాజ్ గివింగ్" అనడం మాత్రం పెద్ద తప్పు, ఇంజెక్షనే ఏదో ఇస్తున్నట్టు అవుతుంది. ఇస్తున్న మధ్యలో ఏదైనా జరిగితే "వాజ్ బీయింగ్ గివెన్" అనాలి. ఈ "బీయింగ్" కట్టు ఇంగ్లిష్‌లోకి 18వ శతాబ్దం చివరలోగాని రాలేదు. వచ్చిన కొత్తలో ఎందరో ఇంగ్లిష్ పండితులు అది వికారంగా ఉందని తిట్టిపోశారు. పుట్టింటివారికే అన్నాళ్ళు మింగుడుపడని రూపం మీకు మొదటిసారి చేతికి రాలేదంటే సిగ్గుపడవలసినదేమీ లేదు.

ఓఈటీలో రాత పరీక్షకు 45 నిమిషాలు ఇస్తారు. నర్సులకు సాధారణంగా, ఇచ్చిన కేసు నోట్స్ ఆధారంగా ఇంకో వైద్య సిబ్బందికి ఉత్తరం రాయమంటారు. అటువంటి ఉత్తరంలో రోగి కథ నడిచేది సింపుల్ పాస్ట్ మీదే: చేరారు, ఫిర్యాదు చేశారు, పరీక్షలు జరిగాయి, కోలుకున్నారు. పాస్ట్ కంటిన్యుయస్ ఒకటి రెండు చోట్ల, ఏదో జరుగుతున్న మధ్యలో ఇంకేదో జరిగినప్పుడు మాత్రమే అవసరమవుతుంది. దానికి సాధనగా ఒక పని చేయండి. డ్యూటీ దిగాక, రోగుల పేర్లూ వివరాలూ లేకుండా, ఆ రాత్రి సంగతి ఒకటి నాలుగు ముక్కల్లో తెలుగులో రాయండి. ఉదాహరణకు: "నేను గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ లేచి కూర్చుని, కమ్మీ పట్టుకుని దగ్గుతున్నారు. నాడి చూసి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకు ఫోను చేశాను. నేను ఫోనులో మాట్లాడుతుండగా ఆవిడకు వాంతి అయింది." తరువాత దాన్ని ఇంగ్లిష్‌లోకి తేండి: "వెన్ ఐ ఎంటర్డ్ ద రూమ్, షీ వాజ్ సిట్టింగ్ అప్, హోల్డింగ్ ద రెయిల్ అండ్ కాఫింగ్. ఐ చెక్డ్ హర్ పల్స్, గేవ్ హర్ ఆక్సిజన్ అండ్ కాల్డ్ ద డాక్టర్. వైల్ ఐ వాజ్ టాకింగ్ ఆన్ ద ఫోన్, షీ వామిటెడ్." పక్కపక్కన పెట్టి చదివితే ఏ తెలుగు రూపం ఏ ఇంగ్లిష్ రూపంగా మారిందో మీ కంటికే కనిపిస్తుంది. రోజుకు ఒకటి చొప్పున నెల రోజులు రాస్తే చాలు. గైడ్లలోని "ఖాళీలను పూరింపుము" అభ్యాసాల మీద నాకు నమ్మకం లేదు. అక్కడ నిలబడి చూసింది మీరు కాదు గనుక, లోపల ఉన్నారో బయట ఉన్నారో మీకెలా తెలుస్తుంది?

చివరిగా సూపరింటెండెంట్ గారి సంగతి. చెప్పవచ్చు, చెప్పాలి కూడా, ఎందుకంటే మూడో వాక్యంలో రోగికి సంబంధించిన నిజం ఉంది. అసలు నోట్స్‌లో మాత్రం మీ అంతట మీరు ఏదీ కొట్టివేసి రాయకండి. మొదటి వాక్యానికి వివరణ చేర్చవలసి ఉంటే, తేదీ, సమయం, సంతకంతో కొత్తగా చేర్చే పద్ధతి ఏమిటో ఆవిడనే అడగండి. డ్యూటీ మారే హడావుడిలో కాకుండా, ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ జిరాక్స్ కాగితం తీసుకుని వెళ్ళండి. నాలుగు దిద్దుబాట్లకు ముందు కృతజ్ఞత చెప్పండి, అది న్యాయం. తరువాత ఇలా అనండి: "మేడమ్, ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ లుక్ ఎట్ ద థర్డ్ సెంటెన్స్ అగైన్." ఇదీ పాస్ట్ కంటిన్యుయసే. మనం పెద్దవారి దగ్గర "అడుగుదామనుకుంటున్నానండీ" అని సగంలో ఆగినట్టు, ఇంగ్లిష్ ఇక్కడ ఆలోచనను ముగించకుండా వదిలి ఎదుటివారికి చోటు ఇస్తుంది. ఆవిడ ఆ కాగితం అందుకున్నాక, డాక్టరు తలుపు తీసిన క్షణంలో ఆ పెద్దాయన అప్పటికే ఎలా ఊపిరి తీస్తున్నారో మీరు చూసింది చూసినట్టు చెప్పండి.